ఉదాసీనతా వక్రరేఖల కథ: తృప్తిని కొలవడం నుండి ఎంపికను గమనించడం వరకు

1. పరిచయం

గత యూనిట్‌లో మీరు క్షీణోపాంత ప్రయోజన సూత్రాన్ని చదివారు. ఆ వెంటనే ఉదాసీనతా వక్రరేఖల విశ్లేషణ వచ్చింది. ఆ రేఖల లక్షణాలను మీరు ఈపాటికి కంఠస్థం చేసే ఉంటారు: ఎడమ నుండి కుడికి కిందికి వాలుతాయి, మూలబిందువుకు కుంభాకారంగా ఉంటాయి, ఒకదానినొకటి ఖండించుకోవు, పైనున్న రేఖ ఎక్కువ తృప్తిని సూచిస్తుంది. డిగ్రీలో నేనూ అలాగే కంఠస్థం చేశాను. పరీక్షలో మార్కులు వచ్చాయి. ఒక సిద్ధాంతాన్ని పక్కన పెట్టి మరొక సిద్ధాంతాన్ని ఎందుకు తెచ్చుకున్నారో మాత్రం అర్థం కాలేదు.

అధ్యాపకుడినైన చాలా ఏళ్ళకు ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఈ పాఠం చెబుతున్నాను. అంగన్‌వాడీలో పనిచేస్తూ చదువుకుంటున్న ఒక విద్యార్థిని లేచి ఇలా అడిగింది: "సార్, మొదటి పాఠంలో వంద రూపాయలు ఉన్నవాళ్ళకంటే లేనివాళ్ళకే ఎక్కువ విలువ అన్నారు. ఈ పాఠంలో తృప్తిని కొలవలేం అంటున్నారు. మరి మొదటి మాట ఇప్పుడు చెల్లుతుందా, చెల్లదా?"

ఆరోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. నిజానికి ఆ ప్రశ్న ఆర్థికశాస్త్ర చరిత్రలో పెద్ద ప్రశ్నలలో ఒకటి. ఈ వ్యాసం చదువుతున్నంతసేపూ దాన్ని మనసులో ఉంచుకోండి.

ముందుగా ఒక మాట. ఇక్కడ 'ఉదాసీనత' అంటే నిర్లక్ష్యం కాదు, ఇష్టం లేకపోవడమూ కాదు. రెండు వస్తు సముదాయాలలో ఏది ఇచ్చినా సమానంగా ఇష్టపడడం. 'ఏదైనా ఫరవాలేదు' అని మనం అనే మాటే ఇది.

2. తృప్తిని కొలవాలన్న ఆశ

1789లో జెరిమీ బెంథామ్ తన నీతి, శాసన సూత్రాల గ్రంథాన్ని ప్రచురించాడు. సుఖదుఃఖాలే మనిషిని నడిపిస్తాయని, ప్రభుత్వం చేసే ప్రతి చట్టాన్ని అది కలిగించే సుఖదుఃఖాల లెక్కతో తూచాలని ఆయన వాదించాడు. ఈ వాదంలో ఒక ప్రజాస్వామిక లక్షణం ఉంది. ఆ లెక్కలో ప్రతి మనిషినీ ఒక్కరిగానే లెక్కిస్తారు. జమీందారు సుఖానికి ఎక్కువ విలువ, కూలివాని సుఖానికి తక్కువ విలువ అనే భేదం ఉండదు.

ఈ లెక్క ఆర్థికశాస్త్రంలోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1854లో హెర్మన్ గోసెన్ అనే జర్మన్, ఒక వస్తువును వాడుతున్నకొద్దీ దాని నుండి కలిగే సుఖం తగ్గుతుందని గణితరూపంలో రాశాడు. ఆ పుస్తకాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మిగిలిన ప్రతులను ఆయనే అమ్మకం నుండి వెనక్కు తీసుకున్నాడు. 1858లో కన్నుమూశాడు. 1871లో ఇంగ్లండ్‌లో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్, 1874లో లోసాన్‌లో వాల్రాస్, ఒకరికొకరు తెలియకుండానే, దాదాపు ఇదే భావాన్ని విలువ సిద్ధాంతానికి పునాదిగా చేశారు. తనకంటే ముందు గోసెన్ ఈ పని చేశాడని తెలిశాక, 1879లో వచ్చిన తన రెండవ ముద్రణలో జెవన్స్ ఆ సంగతిని ఒప్పుకున్నాడు.

నీరు ప్రాణాధారమైనా చవక, వజ్రం అంత అవసరం కాకపోయినా ఖరీదు ఎందుకని 1776లో ఆడమ్ స్మిత్ చర్చించిన చిక్కు దీనితో విడిపోయింది. ధరను నిర్ణయించేది మొత్తం ప్రయోజనం కాదు, చివరి యూనిట్ ఇచ్చే ఉపాంత ప్రయోజనం.

అయితే ఒక విషయం గమనించండి. ఒక మనిషి మనసులోని భావాన్ని మరొకరి మనసులోని భావంతో పోల్చే ప్రయత్నం తాను చేయనని జెవన్స్ ముందే చెప్పాడు. తరువాతివారు ఆ జాగ్రత్తను అంతగా పాటించలేదు. 1920లో పిగూ తన సంక్షేమ అర్థశాస్త్రంలో ఇలా వాదించాడు: ధనికుడి చివరి రూపాయి అతనికిచ్చే తృప్తి తక్కువ, పేదవాడికి అదే రూపాయి ఇచ్చే తృప్తి ఎక్కువ. అందువల్ల జాతీయాదాయం తగ్గకుండా ఉంటే, ధనికుల నుండి పేదలకు ఆదాయాన్ని బదిలీ చేస్తే మొత్తం సంక్షేమం పెరుగుతుంది. మన విద్యార్థిని చెప్పిన 'మొదటి మాట' ఇదే.

3. ఎడ్జ్‌వర్త్: రేఖను మొదట గీసినవాడు

ఉదాసీనతా వక్రరేఖను మొదట ప్రవేశపెట్టినవాడు ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్. ఐర్లండ్‌లో 1845లో పుట్టిన ఈయన 1881లో 'మ్యాథమెటికల్ సైకిక్స్' అనే చిన్న పుస్తకం రాశాడు. అందులో రాబిన్సన్ క్రూసో, అతని దగ్గర పనిచేసే ఫ్రైడే బేరమాడుకుంటారు. క్రూసో జీతం ఇస్తాడు, ఫ్రైడే శ్రమ ఇస్తాడు. ఇద్దరికీ సమ్మతమైన ఒప్పందాలు ఎక్కడెక్కడ కుదురుతాయో చూపడానికే ఎడ్జ్‌వర్త్ ఈ రేఖలను వాడాడు. ఒక అక్షం మీద జీతం, రెండో అక్షం మీద శ్రమ ఉండడం వల్ల ఆయన రేఖలు మీ పుస్తకంలోని రేఖల్లా కిందికి వాలవు. ఎక్కువ శ్రమ చేయాలంటే ఎక్కువ జీతం కావాలి కదా!

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. తృప్తిని కొలవలేమన్న కారణంతో ఈ రేఖలు పుట్టాయని చాలామంది విద్యార్థులు రాస్తారు. అది పొరపాటు. తృప్తిని కొలవగలమని గట్టిగా నమ్మినవారిలో ఎడ్జ్‌వర్త్ ఒకడు. మనిషి గ్రహించగలిగిన అతి చిన్న సుఖపు పెరుగుదలనే కొలమానంగా తీసుకోవచ్చన్నాడు. సుఖాన్ని క్షణక్షణం నమోదు చేసే ఒక ఆదర్శ యంత్రాన్ని కూడా ఊహించాడు. ఉష్ణమాపకంలా దాన్ని మనం 'సుఖమాపకం' అనుకోవచ్చు.

ఆ నమ్మకం ఆయనను ఎక్కడికి తీసుకువెళ్ళిందో చూడండి. అందరికీ సుఖాన్ని అనుభవించే శక్తి సమానంగా ఉండదని, అది ఎక్కువగా ఉన్నవారికి ఎక్కువ వాటా ఇవ్వడం న్యాయమేనని ఆయన తర్కించాడు. ఆ తర్కంతో ఉన్నత వర్గాల ప్రత్యేక స్థానాన్నీ, స్త్రీ పురుష భేదాన్నీ సమర్థించాడు. అంటే తృప్తిని కొలిచే వాదం పిగూ చేతిలో సమానత్వానికి ఉపయోగపడింది, ఎడ్జ్‌వర్త్ చేతిలో అసమానత్వానికి ఉపయోగపడింది. కొలమానం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న.

4. పరేటో: ప్రశ్నను తిరగేసినవాడు

విల్‌ఫ్రెడో పరేటో 1848లో పారిస్‌లో పుట్టిన ఇటాలియన్. టూరిన్‌లో ఇంజనీరింగ్ చదివి, రైల్వేలోనూ ఇనుప పరిశ్రమలోనూ పనిచేశాడు. 1893లో లోసాన్‌లో వాల్రాస్ స్థానంలో ఆచార్యుడయ్యాడు. 1906లో వెలువడిన ఆయన 'మాన్యువల్' మన కథను మలుపు తిప్పింది.

ఎడ్జ్‌వర్త్ తృప్తి నుండి మొదలుపెట్టి రేఖకు చేరాడు. పరేటో రేఖ నుండే మొదలుపెట్టాడు. ఒక మనిషిని 'నీకు దీనివల్ల ఎంత తృప్తి?' అని అడగనక్కరలేదు. 'ఇది కావాలా, అది కావాలా, ఏదైనా ఫరవాలేదా?' అని అడిగితే చాలు. అతను తన అభిరుచుల ఛాయాచిత్రాన్ని మనకు వదిలి వెళితే, ఇక ఆ మనిషితో మనకు పని ఉండదన్నది పరేటో భావం.

దీన్ని ఒక పోలికతో అర్థం చేసుకోండి. భూగోళశాస్త్రంలో కొండల పటం చూసి ఉంటారు. ఒకే ఎత్తున్న స్థలాలను కలుపుతూ కాంటూరు రేఖలు గీస్తారు. ఉదాసీనతా వక్రరేఖలు తృప్తి అనే కొండకు కాంటూరు రేఖలు. అయితే భూగోళ పటంలో ప్రతి రేఖ మీద ఎత్తు ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది. పరేటో ఆ అంకెలను తుడిచేశాడు. ఏ రేఖ పైన ఉంది, ఏది కింద ఉంది అన్నంతవరకే మిగిల్చాడు. రేఖలకు 1, 2, 3 అని పేరు పెట్టినా, 5, 70, 900 అని పెట్టినా ఎంపికలో మార్పు ఉండదు. సంఖ్యాత్మక ప్రయోజనానికీ, క్రమాత్మక ప్రయోజనానికీ తేడా ఇదే.

5. హిక్స్, అలెన్: పాఠ్యపుస్తకంలోకి వచ్చిన రేఖ

1915లో, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, కీవ్‌లో ఉన్న యూజెన్ స్లట్‌స్కీ ఒక ఇటాలియన్ పత్రికలో వ్యాసం రాశాడు. ధర మారినప్పుడు డిమాండ్‌లో వచ్చే మార్పును రెండు భాగాలుగా విడదీసి చూపాడు. దానికీ గోసెన్ పుస్తకానికి పట్టిన గతే పట్టింది. దాదాపు ఇరవై ఏళ్ళు అది మరుగున పడి ఉంది.

1934లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పనిచేస్తున్న జాన్ హిక్స్, ఆర్.జి.డి. అలెన్ 'ఎకనామికా' పత్రికలో విలువ సిద్ధాంతాన్ని పునఃపరిశీలిస్తూ రెండు భాగాల వ్యాసం ప్రచురించారు. స్లట్‌స్కీ వ్యాసం గురించి అప్పటికి వారికి తెలియదు. తెలిశాక ఆయనకు ఇవ్వవలసిన గౌరవం ఇచ్చారు. 1939లో వచ్చిన హిక్స్ గ్రంథం 'వాల్యూ అండ్ క్యాపిటల్' ఈ పద్ధతిని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. మీరు చదివే పాఠం ప్రధానంగా అక్కడి నుండి వచ్చినదే.

వారు చేసిన ముఖ్యమైన మార్పు ఉపాంత ప్రయోజనం స్థానంలో ప్రతిస్థాపన ఉపాంత రేటును పెట్టడం. ఒక ఇల్లాలికి కింది సముదాయాలన్నీ సమానంగా ఇష్టం అనుకుందాం: 1 కిలో కందిపప్పు, 20 కిలోల బియ్యం, 2 కిలోల పప్పు, 15 కిలోల బియ్యం, 3 కిలోల పప్పు, 12 కిలోల బియ్యం, 4 కిలోల పప్పు, 10 కిలోల బియ్యం. రెండో కిలో పప్పు కోసం ఆమె 5 కిలోల బియ్యం వదులుకుంటుంది. మూడో కిలోకు 3 కిలోలు, నాలుగో కిలోకు 2 కిలోలే వదులుకుంటుంది. పప్పు పెరిగేకొద్దీ దానికోసం వదులుకునే బియ్యం తగ్గుతోంది. రేఖ మూలబిందువుకు కుంభాకారంగా ఉండడానికి కారణం ఇదే. ఇందులో తృప్తికి ఒక్క అంకె కూడా ఇవ్వలేదు. ఉన్నవన్నీ కిలోలే.

రెండో లాభం ధర ప్రభావాన్ని విడదీయడం. బియ్యం ధర తగ్గితే రెండు సంగతులు జరుగుతాయి. ఇతర వస్తువులతో పోలిస్తే బియ్యం చవక అవుతుంది. ఇది ప్రతిస్థాపన ప్రభావం. అదే జీతంతో ఇప్పుడు ఎక్కువ కొనగలుగుతారు. ఇది ఆదాయ ప్రభావం. ద్రవ్యపు ఉపాంత ప్రయోజనం స్థిరమని అనుకున్న మార్షల్ ఈ రెండోదాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. అయినా 1895లో వచ్చిన తన గ్రంథపు మూడవ ముద్రణలో, రొట్టె ధర పెరిగినప్పుడు పేద కుటుంబాలు మాంసం మానుకుని రొట్టెనే ఇంకా ఎక్కువ తింటాయన్న గిఫెన్ పరిశీలనను ఆయన ప్రస్తావించాడు. దాన్ని సూత్రానికి మినహాయింపుగా చెప్పి ఊరుకోవలసి వచ్చింది. కొత్త పద్ధతిలో అది మినహాయింపు కాదు, లెక్కలోనే ఇమిడిపోయింది. నాసిరకం వస్తువు మీద వ్యతిరేక ఆదాయ ప్రభావం ప్రతిస్థాపన ప్రభావాన్ని మించితే వచ్చే ఫలితం అది. 2008లో జెన్‌సెన్, మిల్లర్ ప్రచురించిన పరిశోధన ఇలాంటి ప్రవర్తననే చూపింది. చైనాలోని హునాన్‌లో నిరుపేద కుటుంబాలకు బియ్యం మీద సబ్సిడీ ఇస్తే వారు కొన్న బియ్యం పెరగలేదు, తగ్గింది.

6. ఎంతో గెలిచి, ఏదో పోగొట్టుకుని

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రేఖల మీది అంకెలను తుడిచేస్తే రాముడి మూడో రేఖనూ సోముడి మూడో రేఖనూ పోల్చడానికి ఆధారం ఉండదు. 1932లో లయొనెల్ రాబిన్స్ ఈ మాటను సూటిగా చెప్పాడు. ఇద్దరు మనుషుల తృప్తిని పోల్చడం శాస్త్రీయ నిర్ధారణ కాదు, అది ఒక విలువతో కూడిన తీర్పు. పిగూ వాదం కింద ఉన్న నేల ఒక్కసారిగా కదిలింది.

1938లో తన వైఖరిని వివరిస్తూ రాబిన్స్ మన దేశానికి సంబంధించిన ఒక కథను గుర్తుచేసుకున్నాడు. ఒక అధికారి ఒక బ్రాహ్మణుడికి బెంథామ్ సిద్ధాంతం వివరించబోతాడు. ఆ పెద్దమనిషి ఒప్పుకోడు. అక్కడున్న అంటరానివాడికంటే తనకు సుఖాన్ని అనుభవించే శక్తి పదిరెట్లు ఎక్కువని అంటాడు. ఆ మాట పట్ల తనకు సానుభూతి లేదని రాబిన్స్ స్పష్టం చేశాడు. కానీ అందరూ సమానమని తాను అనుకోవడం, హెచ్చుతగ్గులున్నాయని అతను అనుకోవడం, ఈ తగాదాను ప్రయోగశాలలో తేల్చలేమన్నాడు.

మనకు ఈ కథ కేవలం కథ కాదు. ఎవరి బాధ ఎంత అనే లెక్కను పుట్టుక ప్రకారం వేసిన సమాజం మనది. ఒకవైపు నుండి చూస్తే, తృప్తిని పోల్చడాన్ని నిరాకరించిన సిద్ధాంతం ఆ పెద్దమనిషి నోరు మూయించింది. అతని పదిరెట్ల లెక్కకు శాస్త్రంలో చోటు లేదు. మరోవైపు నుండి చూస్తే, ఆకలితో ఉన్నవాడి రూపాయికి విలువ ఎక్కువన్న మాటకూ అదే శాస్త్రంలో చోటు పోయింది. ఒకే తలుపు ఇద్దరికీ మూసుకుంది.

మిగిలింది పరేటో పేరుతో మనం చదివే ప్రమాణం: ఎవరికీ నష్టం కలగకుండా కనీసం ఒక్కరికైనా మేలు జరిగితేనే అది మెరుగుదల. భూసంస్కరణ గానీ, ధనికుల మీద పన్ను గానీ ఈ పరీక్షలో నెగ్గలేవు. ఎవరో ఒకరు నష్టపోతారు కాబట్టి ఈ ప్రమాణం వాటిని తప్పనదు, ఒప్పనీ అనదు. మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని 'వద్దు' అనే మాటగా చదవడం మాత్రం పొరపాటు.

7. మనిషి లేకుండా ఎంపిక

1938లోనే, ఇరవై మూడేళ్ళు నిండీ నిండని పాల్ శామ్యూల్సన్ ఇంకొక అడుగు వేశాడు. మనసులోని రేఖలు మనకెందుకు, అంగడిలో ఏం కొన్నాడో చూస్తే చాలదా అన్నాడు. రెండూ కొనగలిగి ఉండి ఒకటి కొంటే, దానిపైనే అభిరుచి వెల్లడైనట్లు. దీన్నే వెల్లడైన అభిరుచి సిద్ధాంతం అంటాం.

అమర్త్య సేన్ 1973లోనూ, 1977లోనూ రాసిన వ్యాసాలలో దీన్ని ప్రశ్నించాడు. మనిషి చేసే ప్రతి ఎంపికా అతని సొంత మేలు కోసమేనా? సానుభూతితో, నిబద్ధతతో, అలవాటుతో, భయంతో కూడా ఎంచుకుంటాడు. అన్నిటినీ ఒకే అభిరుచి రేఖలో ఇరికిస్తే మిగిలేది హేతుబద్ధత పేరుతో తయారైన అమాయకుడేనని ఆయన విమర్శ.

8. మన ఇంటి రేఖ ఎవరిది?

ఈ చరిత్రను మన రేషన్ కార్డుకు అన్వయించి చూద్దాం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. ఊహాత్మక అంకెలు తీసుకుందాం. కుటుంబ ఆదాయం 3,000 రూపాయలు, అంగడిలో బియ్యం కిలో 40 రూపాయలు, కార్డు మీద 2 రూపాయలకు 20 కిలోలు. కిలోకు 38 రూపాయల చొప్పున ఆదా 760 రూపాయలు. ఇప్పుడు బడ్జెట్ రేఖ 20 కిలోల దగ్గర వంగుతుంది. 20 కిలోలకు మించి కొనే కుటుంబానికి ఈ పథకమూ, చేతికి 760 రూపాయల నగదూ ఒకటే. రెండు సందర్భాల్లోనూ 20 కిలోల తరువాత మిగిలేది 2,960 రూపాయలే. అంత బియ్యం అక్కరలేని కుటుంబం మాత్రం నగదుతో ఇంకా పై రేఖకు చేరవచ్చు. కాబట్టి బియ్యానికి బదులు నగదు ఇస్తే కుటుంబానికి నష్టం లేదని ఈ బొమ్మ చెబుతుంది.

కానీ బొమ్మ దేన్ని దాచింది? మొదటిది, అంగడి ధర. బియ్యం ధర 50 రూపాయలకు పెరిగితే 760 రూపాయల నగదు విలువ కరిగిపోతుంది, కార్డు బియ్యం కరగదు. రెండోది, ఇంకా లోతైనది. కుటుంబానికంతటికీ ఒకే అభిరుచి పటం ఉందని మనం అనుకున్నాం. నగదు ఎవరి చేతికి వస్తుంది? దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? అందరికీ వడ్డించి చివర తినే తల్లి రేఖ, సంపాదన చేతిలో ఉన్న తండ్రి రేఖ ఒకటేనా? బియ్యం వంటింటికి చేరుతుంది. నగదు అక్కడిదాకా చేరాలన్న నియమం లేదు. కుటుంబంలో సహకారంతోపాటు ఘర్షణ కూడా ఉంటుందని సేన్ రాసింది ఇందుకే.

9. ముగింపు

ఆనాటి విద్యార్థిని ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది. మొదటి మాట చెల్లుతుంది, అయితే దాని స్వభావం మారింది. ఇద్దరి తృప్తిని పోల్చే హక్కును ఉదాసీనతా వక్రరేఖ మనకు ఇవ్వదు. అందుకని పోల్చకూడదని కూడా అది చెప్పదు. పేదవాడి రూపాయికి విలువ ఎక్కువని మనం అన్నప్పుడు ఉష్ణమాపకం చూసి చెప్పడం లేదు. మనుషులందరి ఆకలినీ సమానంగా లెక్కించాలని ముందుగా ఒప్పుకుని చెబుతున్నాం. ఆ ఒప్పందం శాస్త్రం నుండి రాలేదు, మన నుండి వచ్చింది. దాన్ని గీత వెనుక దాచకుండా బయటికి చెప్పడమే మంచి ఆర్థికశాస్త్రం.

ఇకమీద పరీక్షలో ఆ రేఖను గీసినప్పుడు ఒక్క క్షణం ఆగి ప్రశ్నించుకోండి: ఈ రేఖ ఎవరిది?

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఎడ్జ్‌వర్త్, పరేటో ఉదాసీనతా వక్రరేఖను వాడిన తీరులో తేడా ఏమిటి?
2. గిఫెన్ పరిశీలనను ఆదాయ, ప్రతిస్థాపన ప్రభావాల సహాయంతో వివరించండి.
3. పిగూ వాదాన్ని రాబిన్స్ ఏ కారణంతో ప్రశ్నించాడు? మీ అభిప్రాయం రాయండి.
4. మీ ఇంట్లో ఒక నెల సరుకుల జాబితా తీసుకోండి. అందులో ఏ వస్తువు ఎవరి ఎంపికో గుర్తించి, కుటుంబానికి ఒకే అభిరుచి పటం ఉందనడం ఎంతవరకు సరైనదో చర్చించండి.